ఇద్దరు స్నేహితుల కబుర్లు ఇంట్లో రికార్డు చేయడం ఎలా

పుస్తకంతో మొదలైన మాట పులుసు మీదికి, అక్కణ్ణుంచి ఎవరింటి పెళ్లి మీదికో జారిపోవడమే స్నేహితుల కబుర్లలో ఉండే రుచి. వాటిని పాడ్‌కాస్ట్‌గా వినిపించాలనుకునేవాళ్లు చాలామంది ముందు మైకు కొనేస్తారు. మైకు సంగతి తర్వాత, ముందు గది చూసుకోండి.

మన ఇళ్లలో హాలు నేల టైల్సో గ్రానైటో అయ్యుంటుంది, గోడలు బోసిగా ఉంటాయి. మాట వాటికి కొట్టుకుని తిరిగి మైకులో పడుతుంది. ఆ గింగురు ఒకసారి రికార్డయ్యాక పూర్తిగా తీసేయడం దాదాపు అసాధ్యం. పరుపు, బట్టల బీరువా, మందపాటి కర్టెన్లు ఉన్న పడగ్గది నయం. గది మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెనకాల సన్నటి మోత ఇంకా సాగుతుంటే బీరువా తలుపులు తెరవండి, మాట్లాడేవాళ్ల ఎదుటి గోడకి ఒక బొంత వేలాడదీయండి, బల్ల మీద దుప్పటి పరవండి.

ఫ్యాను ఆపాల్సిందే. ఎండాకాలంలో ఉక్కపోతకి అరగంట కూర్చోలేరు కాబట్టి ముందే ఏసీతో గది చల్లబరిచి, ఆపేసి మొదలుపెట్టండి. లేదా తెల్లవారుజామున పెట్టుకోండి. ఫ్రిజ్, ఇన్వర్టర్ ఉన్న గోడకి దూరంగా కూర్చోవాలి. చెత్తబండి పాట, కూరగాయల బండి మైకు, పక్కవాళ్ల కుక్కర్ కూతలు ఏ వేళకి వస్తాయో మీ వీధి గురించి మీకే తెలుసు.

ఇక మైకులు. మనిషికో మైకు, మైకుకో ట్రాకు (అంటే ఎవరి గొంతు వాళ్లదిగా విడి రికార్డింగు). ఇందులో రాజీ వద్దు. మధ్యలో ఒకటే మైకు పెడితే ఒకరు పకపకా నవ్విన చోట రెండోవాళ్ల మంచి మాట మునిగిపోతుంది, తర్వాత విడదీయలేరు. వీధి చప్పుడున్న ఇంటికి డైనమిక్ మైకు మంచిది. కండెన్సర్ మైకు సున్నితం, అవతలి వీధి కుక్కని కూడా పట్టేస్తుంది. నోటికి, మైకుకి మధ్య దూరం బెత్తెడు కన్నా తగ్గకూడదు, జానెడు కన్నా మించకూడదు. సూటిగా నోటికెదురుగా పెడితే ప, ఫ, బ, భ పలికినప్పుడల్లా గాలి 'బుఫ్' మంటుంది; కొంచెం పక్కకి జరిపి పెదవి చివరని చూసేలా తిప్పండి. రెండు మైకుల మధ్య దూరం, నోటికీ మైకుకీ ఉన్న దూరానికి కనీసం మూడింతలు ఉండాలి. లేకపోతే ఒకరి గొంతు రెండో ట్రాకులో కూడా పడి, కలిపినప్పుడు డొల్లగా వినిపిస్తుంది. కాలర్ మైకులైతే గడ్డానికి జానెడు కింద పెట్టండి. కొంగు, చున్నీ, గొలుసు రాసుకోకుండా చూడండి.

రికార్డింగు యాప్‌లో నాణ్యత సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. గంటకి ఒక్కో ట్రాకు దాదాపు 520 ఎంబీ తింటుంది, ఫోన్‌లో అంత చోటుందో లేదో ముందే చూసుకోండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. స్థాయి సరిచూసేటప్పుడు "హలో, హలో" అని మెల్లగా చెప్పి ఊరుకోవద్దు, అవతలివాళ్లని నవ్వించండి. యాప్‌లో కనిపించే మీటరు మీద మామూలు మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి, నవ్వు మైనస్ 3 దాటకూడదు. మీటరు పై హద్దయిన సున్నాని తాకిన నవ్వు చిరిగిన కాగితంలా వినిపిస్తుంది, దానికి మందు లేదు.

ఒకరు హైదరాబాదులో, ఇంకొకరు డాలస్‌లో ఉంటే కాల్‌లో వచ్చే గొంతుని రికార్డు చేయకండి. కాల్ లాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్లతో నడపండి. ఎవరి గొంతు వాళ్ల ఫోన్‌లోనే రికార్డవ్వాలి. మొదట్లో ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ ఒకసారి చప్పట్లు కొట్టండి, చివర్లోనూ అలాగే. ఎడిటింగ్‌లో మొదటి చప్పట్లు ఒకచోటికి తెచ్చి రెండు ట్రాకులూ జతచేయాలి. రెండు పరికరాల గడియారాలూ సరిగ్గా ఒకేలా నడవవు కాబట్టి గంట గడిచేసరికి ప్రశ్నా జవాబూ కొంచెం తప్పిపోవచ్చు. చివరి చప్పట్లు ఎంత తప్పాయో చూస్తే ఎంత సర్దాలో తెలుస్తుంది. డాలస్ వేసవిలో మనకి పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర.

మాట్లాడే విషయానికొస్తే, ఒక ఎపిసోడుకి మూడు కొక్కేలు చాలు: ఒక పుస్తకం, ఒక వంట, ఈ వారం కళ్లపడ్డ ఒక సంగతి. వాటిని కాగితం మీద రాసుకోండి. వాక్యాలు మాత్రం రాసుకోవద్దు, చదువుతున్నట్టు ఇట్టే తెలిసిపోతుంది. రోజూ "ఒసేయ్", "ఒరేయ్" అనుకునేవాళ్లు మైకు ముందు "మీరు" అనుకోవడం కూడా అంతే. అయితే మొదటి రెండు నిమిషాల్లో ఒకరినొకరు పేరుతో రెండు మూడుసార్లు పిలుచుకోవాలి, లేకపోతే ఏ గొంతు ఎవరిదో వినేవాళ్లకి తెలీదు. "మన సుజాతక్క వాళ్ల ఊళ్లో జరిగిందే, అలాగన్నమాట" అంటే మీకిద్దరికీ అర్థమవుతుంది, మూడోవాళ్లకి కాదు. అలాంటి చోట రెండోవాళ్లే "అదేంటో చెప్పు" అని అడగాలి. ఇంట్లోవాళ్ల సంగతులైతే వాళ్ల అనుమతి తీసుకున్నాకే చెప్పండి.

పుస్తకంలోంచి చదవాలంటే కాపీరైటు చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఆయన రాసినవి హాయిగా చదవొచ్చు. చలం పోయింది 1979లో, ఆయనవి 2039 చివరిదాకా ఆగాలి. విమర్శలో భాగంగా నాలుగు వాక్యాలు ఉటంకించడానికి చట్టంలో వెసులుబాటుంది, కథంతా చదివేయడానికి లేదు.

వంట కబుర్లలో "తగినంత", "సరిపడా" అనకండి. పులిహోరకి నిమ్మకాయంత చింతపండు అంటే ఎవరి నిమ్మకాయ? ముందే తూచి గ్రాముల్లో చెప్పండి, బియ్యం ఏ గ్లాసుతో కొలిచారో కూడా చెప్పండి. పోపు చిటపటలు వినిపించాలంటే వేరేగా రికార్డు చేసుకుని తర్వాత కలపాలి. మైకు బాండీకి మూరెడు దూరంలో, ఆవిరి తగలని పక్కన ఉండాలి. మాట్లాడుతూ జంతికలు నమలడం మాత్రం నిషిద్ధం. ఇయర్‌ఫోన్లలో ఆ కరకర భరించలేం.

అవతలివాళ్లు చెప్తుంటే "ఊఁ", "ఆఁ", "అవునవును" అనడం మనకి అలవాటు. కొన్ని ఉంటేనే కబుర్లలా ఉంటాయి, ప్రతి ముక్కకీ వస్తే చిరాకు. విడి ట్రాకులున్నాయి గనక ఎక్కువైనవి ఎడిటింగ్‌లో అణచేయొచ్చు. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని కత్తిరించకుండా కంట్రోల్ ఎల్ నొక్కి నిశ్శబ్దం చేయండి. ఒక ట్రాకులోనే ముక్క కోసేస్తే అక్కణ్ణుంచి ఇద్దరి మాటలూ తప్పుతాయి.

మొదలుపెట్టే ముందు పది సెకన్లు ఇద్దరూ కదలకుండా కూర్చుంటే గది హోరు నమూనా దొరుకుతుంది. హోరు తగ్గించే నాయిస్ రిడక్షన్‌కి అదే ఇవ్వాలి. 6 నుంచి 9 డెసిబెల్స్ చాలు, ఇంకా లాగితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. 80 హెర్ట్జ్ కన్నా కిందున్న లోతు శబ్దాల్ని తగ్గించే హై పాస్ ఫిల్టర్ వేస్తే బల్ల దడదడలు పోతాయి. చివర్లో మోనోగా (రెండు ట్రాకులూ ఒకే చానల్‌గా) కలిపి, మైనస్ 19 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి వినిపించే మొత్తం బిగ్గరతనాన్ని కొలిచే కొలత) లౌడ్‌నెస్ సర్ది, 64 కేబీపీఎస్ ఎంపీ3గా తీయండి. నలభై నిమిషాలకి 19 ఎంబీ అవుతుంది, వాట్సాప్‌లో పంపడానికి కూడా తేలికే. పంపేముందు ఆ ఫైలుని మామూలు ఇయర్‌ఫోన్లతో, బస్సులోనో ఆటోలోనో ఒకసారి వినండి. ఎవరి గొంతైనా రోడ్డు రొదలో మునిగిపోతే ఆ ట్రాకు రెండు డెసిబెల్స్ పెంచి మళ్లీ తీయాలి.