అమ్మమ్మకు ఎలా చెప్పాలి

ఇంట్లో అమ్మాయి మరో అమ్మాయిని ఇష్టపడుతోందని గానీ, మగపిల్లవాడిగా పెరిగిన బిడ్డ తనను ఆడపిల్లగానే ఎరుగునని గానీ పెద్దలకు చెప్పేముందు ఆ బిడ్డ అనుమతి తీసుకోవాలి. అది లేకుండా ఒక్క మాట కూడా బయటపెట్టకూడదు. బంధువులు నిండిన పెళ్లింట్లో కాకుండా, అమ్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీరిగ్గా కూర్చున్న మధ్యాహ్నం పక్కన చేరి, తానెవరన్నది లింగ గుర్తింపు అనీ, మనసు ఎవరి మీదికి పోతుందన్నది లైంగిక ఆకర్షణ అనీ, ఈ రెండూ వేర్వేరనీ విడమరచి చెప్పాలి. శిఖండి కథ వింటూ పెరిగిన వారికి ఇది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు.

"డాక్టరుకు చూపిస్తే నయం కాదూ?" అన్న ప్రశ్న తప్పక వస్తుంది. అది ప్రేమలోంచి పుట్టిన భయం కనుక విసుక్కోకుండా, స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితా నుంచి తీసివేసిందనీ, ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును 2014లో ఆమోదించిన మన సుప్రీంకోర్టు, వయోజనుల మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పిందనీ వివరించాలి. తాయెత్తుల మాట వస్తే మాత్రం గట్టిగానే వద్దనాలి.

ఆడపిల్లగా కొత్త పేరు పెట్టుకున్న మనవరాలిని అమ్మమ్మ పాత పేరుతో పిలిచినప్పుడల్లా కొత్త పేరును మెల్లగా అందించాలి. నోరు తిరగడానికి నెలలు పట్టవచ్చు. కొట్టి గెంటేస్తారన్న అనుమానం ఉన్న ఇంట్లో, బిడ్డ తన కాళ్లమీద నిలబడేదాకా ఆగడమే సరైనది.