సీరియల్ రైటర్ కావాలంటే ఎలా? కడప, కర్నూలు, అనంతపురంలో ఉండి మొదలుపెట్టేవాళ్ళకి

"నా దగ్గర ఒక మంచి కథ ఉంది, ఏ చానెల్‌కి ఇవ్వాలి?" అని అడిగేవాళ్ళు మన వైపు చాలామందే ఉన్నారు. ప్రొద్దుటూరులో ఉన్నారు, ఆదోనిలో ఉన్నారు, ధర్మవరంలో చీరల కొట్టులో కూర్చుని బేరాల మధ్యన నోటుబుక్కులు నింపుతున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళందరికీ ముందే చెప్పేయడం మంచిది: కథ చంకలో పెట్టుకుని బయలుదేరితే పని జరగదు. టీవీకి కథల కరువు లేదు. తమిళంలోనో, బెంగాలీలోనో, మలయాళంలోనో బాగా ఆడిన సీరియల్ హక్కులు కొనుక్కొచ్చి ఇక్కడ మళ్ళీ తీయడం మామూలే. కరువల్లా, సాయంత్రం ఫోన్లో లైన్ (సీన్‌లో ఏం జరగాలో రెండు మూడు ముక్కల్లో) చెప్తే తెల్లారేసరికి షూటింగ్‌కి పనికొచ్చేలా సీన్ రాసి పంపే మనిషికే. అలా రాయడం నేర్చుకోవాలి, అందులో ముక్కాలు భాగం ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు.

1. ముందు ఎవరు ఏం రాస్తారో తెలుసుకోండి

సీరియల్ టైటిల్స్‌లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని విడివిడిగా పేర్లు పడతాయి. కథ ఎటు పోవాలో చానెల్‌లోని ఫిక్షన్ టీమూ, నిర్మాణ సంస్థా కలిసి తేలుస్తాయి. ఆ కథను ఎపిసోడ్లుగా, సీన్లుగా విడగొట్టేది స్క్రీన్‌ప్లే రైటర్. ఆయన ఇచ్చే సీన్ల వరసను వన్‌లైన్ ఆర్డర్ అంటారు. దాన్ని తీసుకుని మాటల రచయిత సీన్ పేపర్లు, అంటే మాటలతో సహా పూర్తి సీన్లు, రాస్తారు. ఆ మాటల రచయిత దగ్గర అసిస్టెంట్‌గా చేరడమే కొత్తవాళ్ళకి ఎక్కువగా దొరికే దారి.

అరగంట స్లాట్‌లో ప్రకటనలు తీసేస్తే మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. అలాంటివి వారానికి ఆరు, కొన్ని సీరియళ్ళకైతే అయిదు కావాలి. పైగా గురువారం వచ్చిందంటే ఏ సీరియల్‌ని ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగులు వస్తాయి, అవి పడిపోతే అప్పటిదాకా ఒప్పుకున్న కథ ట్రాక్ కూడా ఆ సాయంత్రానికల్లా మారిపోవచ్చు. మీరు ప్రాణం పెట్టి రాసిన సీన్ పక్కకి పోతుంది, టెన్షన్ పడి లాభం లేదు.

2. రిమోట్‌తో పాటు నోటుబుక్కు పట్టుకుని కూర్చోండి

ఒకే సీరియల్ ఎంచుకుని రెండు వారాలు వదలకుండా చూడండి. మీకు నచ్చే సీరియల్ అవ్వక్కర్లేదు, మీ ఇంట్లో ఆడవాళ్ళు వంట ఆపి మరీ వచ్చి చూసేది తీసుకోండి. ప్రతి సీన్‌కీ మూడు ముక్కలు రాయాలి: ఎక్కడ జరిగింది, ఎవరున్నారు, సీన్ మొదట్లో లేనిది చివరికి ఏం మారింది. ఫోన్లో టైమ్ కూడా చూసుకోండి. అలా రాస్తే ఆ ఎపిసోడ్ వన్‌లైన్ ఆర్డర్ మీ చేతిలో ఉన్నట్టే.

నాలుగు ఎపిసోడ్లు అయ్యేసరికి కొన్ని సంగతులు వాటంతట అవే కనపడతాయి. కథంతా ఒక హాలు, ఒక వంటగది, రెండు పడగ్గదులు, ఒక గుడి మధ్యలోనే తిరుగుతుంది, ఎందుకంటే సెట్ మారిన ప్రతిసారీ లైటింగ్ మార్చాలి, టైమ్ పోతుంది, డబ్బు పోతుంది. ప్రకటనల ముందు ఒక ప్రశ్న లేపి వదులుతారు. ఎపిసోడ్ చివర ఎవరో ఒకరి మొహం మీద ఫ్రీజ్ పడుతుంది, అంటే బొమ్మ అక్కడే ఆగిపోతుంది, ఆ ఫ్రీజ్ కోసమే ఎపిసోడంతా అటు నడిపించి ఉంటారు. ఇంకొకటి, మాటల్లో పేర్లు పదే పదే వస్తాయి, జరిగిందే ఇంకొకరికి మళ్ళీ చెప్తుంటారు. దీన్ని చూసి అందరూ నవ్వుతారు గానీ, పప్పుకి తాలింపు పెడుతూ చెవి మాత్రం టీవీ వైపు వేసిన మనిషి కోసం రాసే రాత అది. ఆమెకి కంటితో చూడకపోయినా కథ అందాలి. ఈ ఒక్క సంగతి ఒంటబట్టకపోతే ఎంత బాగా రాసినా అది టీవీ సీన్ కాదు.

3. రోజూ ఒక సీన్, ఎవరో ఇచ్చిన లైన్ మీద

మీకు నచ్చిన కథ మీద మీరు ఎలాగూ బాగానే రాస్తారు. ఎవరో ఇచ్చిన లైన్ మీద, ఇష్టం లేని పాత్రలతో, గడువు లోపల రాయగలరా అన్నదే పరీక్ష. అందుకని స్నేహితుడినో, చెల్లెలినో రాత్రి ఎనిమిదింటికి ఒక లైన్ చెప్పమనండి, పడుకునేలోపు రాసెయ్యండి.

ఉదాహరణకి లైన్ ఇది: వేరుశనగ పంట ఎండిపోయి, తండ్రి కూతురి గొలుసు కుదువ పెట్టాడు. కూతురికి తెలియదు, ప్రేక్షకులకి తెలుసు. కూతురు గొలుసు అడుగుతుంది.

కొత్తవాళ్ళు చాలామంది ఇక్కడ తల్లి చేత "పంట పోయింది, అప్పు కట్టలేక మీ నాయన నీ గొలుసు తాకట్టు పెట్టినాడే" అని ఏడిపించేస్తారు. అంతే, సీన్ అయిపోయింది, రేపటికి ఏమీ మిగల్లేదు. ఇలా రాసి చూడండి:

కూతురు: అమ్మా, నా గొలుసు యాడ పెట్టినావు? రేపు సునీత పెళ్ళికి ఏసుకోవాల.

తల్లి: పూలు పెట్టుకోని పో. గొలుసెందుకు, దారెంట దొంగల భయం.

కూతురు: సునీత పెళ్ళి మన వీధిలోనే కదమ్మా!

(తండ్రి కంచం ముందు నుంచి లేస్తాడు.)

తల్లి: సంగటి అట్లనే ఉంది. యాడికి పోతాండావు?

తండ్రి: ఆకలి లేదు.

(కూతురు కంచం వైపు, తండ్రి వైపు చూస్తుంది.)

గొలుసు ఏమైందో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, కానీ కూతురికి అనుమానం మొదలైంది. రేపు ఆమె బీరువా తెరవాలి, కుదువ రసీదు దొరకాలి, అప్పుడు ఎవరు గదిలోకి రావాలో మీరే ఆలోచించండి. టీవీలో ప్రేక్షకుల దగ్గర గుట్టు దాచడం తక్కువ. వాళ్ళకి ముందే చెప్పి, పాత్రకి ఎప్పుడు తెలుస్తుందా అని కూర్చోబెట్టడమే ఎక్కువ.

మాటలు చిన్నగా ఉండాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన సీరియళ్ళలో చాలామంది నటులు కన్నడ నుంచి వచ్చినవాళ్ళు, సెట్లో పక్క నుంచి ప్రాంప్టింగ్ ఇస్తే విని పలుకుతారు, తర్వాత డబ్బింగ్‌లో ఇంకొకరు గొంతు ఇస్తారు. మూడు వరసల వాక్యం రాశారనుకోండి, ప్రాంప్టర్ దాన్ని నాలుగు ముక్కలు చేస్తాడు, మీరు అనుకున్న విరుపు ఎక్కడో పోతుంది.

రెండు మూడు నెలలు ఇలా రాశాక కష్టమైనది మొదలుపెట్టండి. రాసేసిన సీన్ తీసుకుని "తల్లి పాత్ర వేసే ఆర్టిస్ట్ ఇవాళ రాలేదు" అనుకుని అరగంటలో మార్చండి. ఆమె మాటలు ఫోన్లో వినిపించాలా, పిన్నికి ఇవ్వాలా, సీన్‌నే వంటగది నుంచి పెరట్లోకి తీసుకెళ్ళాలా? షూటింగ్‌లో ఇది తరచూ వచ్చే తలనొప్పే, దీన్ని విసుక్కోకుండా తీర్చేవాడికే మళ్ళీ ఫోన్ వస్తుంది.

4. యాస గురించి ఒక మాట

సీరియల్ భాష ఎక్కువగా ఏ ఊరిదీ కాని ఒక మధ్యరకం తెలుగు. అది రాయడం రావాలి, తప్పదు. సీమ యాస మాత్రం తొడగొట్టే వాళ్ళకీ, సుమోలో దిగే వాళ్ళకే ఇస్తుంటారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మన దగ్గర బ్యాంకు మేనేజరు, స్టాఫ్ నర్సు, కాలేజీ లెక్చరరు కూడా ఇదే యాసలో మాట్లాడతారు కదా. అందుకే మీ శాంపిల్ సీన్లలో ఒకటైనా కత్తులు లేని సీమ ఇంటి సీన్ పెట్టండి, పదిమంది పంపే సీన్లలో మీది గుర్తుంటుంది. కాకపోతే ప్రతి మాటకీ అబ్బీ, అప్పా తగిలిస్తే యాస అయిపోదు. కడప మాట వేరు, హిందూపురం వైపు కన్నడం కలిసిన మాట వేరు, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలిసిన మాట వేరు. బస్టాండులో కూర్చుని వినండి, రాసుకోండి.

5. ఊళ్ళోనే దొరికే బడులు

సెట్లూ తెరలూ కట్టి ఊరూరా తిరిగిన సురభి నాటకం పుట్టిందే కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో. పేరున్న రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఇప్పటికీ నాటకాలాడే మనుషులు మన ఊళ్ళలో ఉన్నారని చెప్పడానికే. కర్నూలు టీజీవీ కళాక్షేత్రంలో, అనంతపురం లలిత కళాపరిషత్తులో నాటకం ఉందంటే వెళ్ళండి, వీలైతే రిహార్సల్స్‌కి వెళ్ళండి. రాసిన మాట నటుడి నోట్లో ఎక్కడ అడ్డం పడుతుందో అక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. కడపలో, అనంతపురంలో ఆకాశవాణి కేంద్రాలున్నాయి, రేడియో నాటికలు తీసుకుంటున్నారేమో వెళ్ళి కనుక్కోండి. చెవికి మాత్రమే రాయడం నేర్పేది రేడియో, పైన చెప్పిన తాలింపు సంగతి అదే కదా. చదవడానికి కడప బ్రౌన్ గ్రంథాలయం ఉండనే ఉంది.

డబ్బు, టైమ్ ఉన్నవాళ్ళకి పుణెలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో స్క్రీన్‌రైటింగ్ కోర్సు ఉంది, హైదరాబాద్‌లో అన్నపూర్ణ ఫిల్మ్ కాలేజీ ఉంది. చదివితే మంచిదే, కానీ సీరియల్లో సర్టిఫికెట్ అడిగేవాళ్ళు దాదాపు ఉండరు.

6. ఏం పంపాలి, ఎవరికి పంపాలి

మూడు సీన్లు, ఒక పూర్తి ఎపిసోడ్‌కి వన్‌లైన్ ఆర్డరూ మాటలూ, చాలు. మూడు వందల పేజీల ఫైలు ఎవరూ తెరవరు. సీన్ నంబరు, పగలా రాత్రా, ఇంట్లోనా బయటా, స్థలం, ఉన్న పాత్రలు పైన రాయండి. ఎడమ పక్క యాక్షన్ (పాత్రలు చేసే పనులు), కుడి పక్క మాటలు పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. టైపింగ్ యూనికోడ్‌లో చేసి పీడీఎఫ్‌గానే పంపండి, లేకపోతే అవతలి ఫోన్లో ఒత్తులన్నీ ఊడిపోయి కనపడే ప్రమాదం ఉంది.

పేర్ల కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు, టైటిల్స్ దగ్గర పాజ్ చేసి మాటల రచయిత, అసోసియేట్ డైరెక్టర్, నిర్మాణ సంస్థ పేర్లు రాసుకోండి. చాలామంది ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో దొరుకుతారు. మెసేజ్ ఇంతే ఉండాలి: "నమస్తే సార్, మాది పులివెందుల. మీరు రాస్తున్న సీరియల్ రోజూ చూస్తాను. సోమవారం ఆసుపత్రి సీన్‌లో అత్తగారు ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోవడం చాలా బాగుంది. మీ దగ్గర అసిస్టెంట్‌గా పని నేర్చుకోవాలని ఉంది. రెండు పేజీల సీన్ ఒకటి పంపమంటారా?" అడక్కుండా ఫైలు పంపొద్దు. జవాబు రాకపోతే పదిహేను రోజుల తర్వాత ఒకసారి గుర్తుచేయండి, మళ్ళీ వద్దు.

ఇద్దరు ముగ్గురు రమ్మన్నాకే హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోండి. కడప, తాడిపత్రి, కర్నూలు వాళ్ళకి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, అనంతపురం నుంచి రాత్రి బస్సులున్నాయి. సినిమా, టీవీ వాళ్ళు ఎక్కువగా ఉండే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు తెలిసినవాళ్ళ గది ఉంటే ఆటో ఖర్చులు తగ్గుతాయి. అవకాశం ఇప్పిస్తాం, డిపాజిట్ కట్టండి అనేవాళ్ళు కూడా అక్కడే తగులుతారు. రైటర్‌కి డబ్బులివ్వాలి గానీ రైటర్ దగ్గర తీసుకునే పద్ధతి లేదు, లేచి వచ్చేయండి.

7. డబ్బులు, హక్కులు

మాటల రచయితకి మామూలుగా ఎపిసోడ్ లెక్కన ఇస్తారు. ఆయన తనకొచ్చే దాంట్లోంచి అసిస్టెంట్‌కి నెలకో, సీన్‌కో ఇస్తారు. టైటిల్స్‌లో పేరు చాలాకాలం పడకపోవచ్చు. పని మొదలుపెట్టకముందే "ఎంత, ఎప్పుడు, పేరు ఎప్పటినుంచి" అని మూడూ అడగండి, మొహమాటపడితే మీకే నష్టం.

ఆలోచనకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. "అత్తాకోడళ్ళు ఒకే ఆఫీసులో పనిచేస్తారు" అన్న లైన్ ఎవరైనా వాడుకోవచ్చు, దానిమీద మీరు రాసిన సీన్లూ మాటలూ మీవి. సొంత కాన్సెప్ట్ ఉంటే వివరంగా రాసి కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లోనే రిజిస్టర్ చేయొచ్చు, సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ కూడా సభ్యుల స్క్రిప్టులు ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేస్తుంది. హక్కులు రాసిచ్చేటప్పుడు కాగితం తప్పనిసరి, 1957 కాపీరైట్ చట్టం అదే చెప్తుంది. కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళకి ఇచ్చినట్టు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు లెక్క. అందుకే ఆ రెండు చోట్లా వాళ్ళు ఏం రాశారో చదివి సంతకం పెట్టండి.

8. పని దొరికాక

ఒక నోటుబుక్కు విడిగా పెట్టి, ఏ పాత్రకి ఏ రహస్యం ఏ ఎపిసోడ్‌లో తెలిసిందో రాసుకుంటూ ఉండండి. రెండొందల ఎపిసోడ్లు దాటాక, ఈ విషయం ఆడపడుచుకి తెలుసా తెలీదా అని అందరూ తలలు పట్టుకుంటారు, అప్పుడు నంబరుతో సహా చెప్పగలిగితే అసిస్టెంట్ అయినా కథా చర్చల్లో కుర్చీ వేస్తారు. ఊళ్ళో ఉద్యోగం మాత్రం అప్పుడే మానొద్దు. సీన్ పేపర్లు ఇప్పుడు వాట్సాప్‌లోనే వెళ్తున్నాయి కాబట్టి మొదట్లో కొంతకాలం నంద్యాల నుంచైనా రాసి పంపొచ్చు. వారానికి మూడు నాలుగు ఎపిసోడ్ల పని మీ చేతికొచ్చి, డబ్బులు చెప్పిన తేదీకి పడుతున్నప్పుడు గది వెతుక్కోండి.