ఒక్క ప్లేబుక్‌తో లినక్స్ లాప్‌టాప్ సెటప్

ఓ సోమవారం పొద్దున నా లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ పోయింది. కోడంతా గిట్‌లో ఉంది కాబట్టి దాని గురించి బెంగ లేదు. కానీ కొత్త డిస్క్ వేసి, ఉబుంటు ఎక్కించి, మళ్లీ పనిలో పడేసరికి రెండున్నర రోజులు గడిచాయి. ఏయే ప్యాకేజీలు వేసుకున్నానో గుర్తులేదు. ఫైల్ వాచర్ ఎర్రర్ వస్తోందని ఎప్పుడో ఇనోటిఫై (ఫైళ్లలో మార్పులను గమనించే కెర్నల్ సదుపాయం) పరిమితి పెంచాను, అది ఏ ఫైల్లో పెంచానో అసలే గుర్తులేదు.

మొదట అందరిలాగే బాష్ స్క్రిప్ట్ రాశాను. మధ్యలో నెట్ పోయి ఆగితే మళ్లీ మొదటి నుంచీ నడపాలి. అలా మూడుసార్లు నడిపేసరికి టెర్మినల్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ ఫైల్లో ఒకే లైను మూడుసార్లు చేరింది. అప్పుడే యాన్సిబుల్‌కి మారాను. మెషీన్ ఎలా ఉండాలో ఒక ఫైల్లో రాసిస్తే అలా సెట్ చేసే టూల్ ఇది, ఆ ఫైలునే ప్లేబుక్ అంటారు. వందల సర్వర్లకు వాడే సరుకు ఒక్క లాప్‌టాప్‌కి ఎందుకని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. కానీ అందులో మనం రాసేది "ఇది చెయ్యి" అని కాదు, "ఇది ఇలా ఉండాలి" అని. ఆ లైను అప్పటికే ఉంటే అది ముట్టుకోదు. ఎన్నిసార్లు నడిపినా ఇబ్బంది లేదు.

ప్లేబుక్ రాసే ముందు పాత మెషీన్‌లో ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అనే కమాండ్ నడపండి. వేరే ప్యాకేజీల కోసం వచ్చినవి కాకుండా, మాన్యువల్‌గా వేసినట్టు నమోదైనవన్నీ చూపిస్తుంది. ఉబుంటు ఇన్‌స్టాలర్ వేసినవి కూడా అందులో కలిసిపోతాయి కాబట్టి కూర్చుని ఏరుకోవాలి. నా జాబితాలో సగం పైగా ఒక్కసారి వాడి మరిచిపోయినవే, తీసేశాను.

ప్లేబుక్‌లో హోస్ట్ లోకల్‌హోస్ట్, కనెక్షన్ లోకల్ అని పెడితే అది ఈ మెషీన్ మీదే నడుస్తుంది, వేరే మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ గొడవ ఉండదు. ప్యాకేజీలను లూప్‌లో తిప్పకుండా పేర్లన్నీ ఆప్ట్ మాడ్యూల్‌కి (యాన్సిబుల్‌లో ప్యాకేజీలు వేసే భాగం) ఒకే జాబితాగా ఇవ్వండి, చాలా త్వరగా అవుతుంది. కొత్త మెషీన్‌లో చేత్తో వేసుకోవాల్సినవి గిట్, యాన్సిబుల్, ఈ రెండే. తర్వాత ప్లేబుక్ ఉన్న గిట్ రిపో క్లోన్ చేసి, ప్లేబుక్ కమాండ్‌కి పెద్ద కే (-K) ఆప్షన్ ఇస్తే సుడో (అడ్మిన్ అధికారం) పాస్‌వర్డ్ మొదట్లోనే అడిగేస్తుంది.

టాస్కును అడ్మిన్ యూజర్ అయిన రూట్‌గా నడిపే బికమ్ అనే సెట్టింగ్‌ని ప్లే (ప్లేబుక్‌లోని టాస్కుల గుంపు) మొత్తానికి పెట్టకండి. పెడితే ప్రతి పనీ రూట్ పేరు మీదే జరుగుతుంది, మీ డాట్‌ఫైల్స్ (బాష్‌ఆర్‌సీ లాంటి సొంత సెట్టింగుల ఫైళ్లు) రూట్ హోమ్‌లోకి పోతాయి. ప్యాకేజీలు, సిస్టమ్ ఫైళ్లు మార్చే టాస్కుల్లో మాత్రమే పెట్టుకోండి.

ఇక నన్ను బాగా ఏడిపించిన విషయం. డాకర్‌ని (కంటెయినర్లు నడిపే సాఫ్ట్‌వేర్) సుడో లేకుండా వాడుకుందామని యూజర్ మాడ్యూల్‌లో గ్రూప్స్ దగ్గర డాకర్ అని రాశాను. అపెండ్: యెస్ అని రాయలేదు. అది రాయకపోతే, అదనపు గ్రూపుల్లో ఇచ్చినదొక్కటే ఉంచి మిగతా వాటిలోంచి మనల్ని తీసేస్తుంది. అంటే సుడో గ్రూపులోంచి కూడా! మళ్లీ లాగిన్ అయ్యాక చూస్తే నా సొంత లాప్‌టాప్‌లో నాకే అధికారం లేదు. రికవరీ మోడ్‌లో రూట్ షెల్‌కి వెళ్లి, డిస్క్‌ని రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, గ్రూపులో మళ్లీ చేర్చుకుంటే గానీ టెన్షన్ తీరలేదు. ఇంకో మాట, డాకర్ గ్రూపులో ఉండటమంటే దాదాపు రూట్ అధికారం ఉన్నట్టే. అది తెలిసే చేరండి.

డాట్‌ఫైల్స్‌కి నేను గ్నూ స్టో అనే టూల్ వాడతాను. ఫైళ్లు రిపోలో ఉంటాయి, హోమ్‌లో వాటికి సిమ్‌లింకులు (షార్ట్‌కట్ లాంటివి) ఉంటాయి. అయితే కొత్త అకౌంట్‌లో బాష్‌ఆర్‌సీ ముందే ఉంటుంది కాబట్టి స్టో మొరాయిస్తుంది. ఆ ఫైలు పేరు మార్చే టాస్కు ముందు ఒకటి పెట్టండి. అడాప్ట్ ఆప్షన్ వాడితే అడ్డం తొలగుతుంది గానీ, రిపోలోని మీ ఫైలు పోయి దాని స్థానంలో హోమ్‌లో ఉన్న ఫైలు కూర్చుంటుంది.

మామూలు టెర్మినల్ కమాండ్లు నడిపే షెల్ మాడ్యూల్ తప్పనిసరైతే క్రియేట్స్ అని ఒక ఫైలు దారి ఇవ్వండి, ఆ ఫైలు ఉంటే టాస్కును దాటేస్తుంది. ఇనోటిఫై లాంటి కెర్నల్ సెట్టింగులకు సిస్‌కంట్రోల్ డాట్ డీ ఫోల్డర్లో సొంత ఫైలు పెట్టుకోండి. గ్నోమ్ డెస్క్‌టాప్ కీబోర్డ్ షార్ట్‌కట్‌లను డీకాన్ఫ్ డంప్‌తో ఫైల్లోకి తీసి, డీకాన్ఫ్ లోడ్‌తో ఎక్కించుకోవచ్చు.

ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ మాత్రం రిపోలో వద్దు, అది ప్రైవేట్ రిపో అయినా సరే. ప్రతి లాప్‌టాప్‌కీ కొత్త కీ చేసుకోండి, రెండు నిమిషాల పని. పాత లాప్‌టాప్ పోతే ఆ ఒక్క కీ రద్దు చేస్తే సరిపోతుంది.

పరీక్షకు వర్చువల్ మెషీన్ చాలు. తాజా ఇన్‌స్టాల్ అవ్వగానే స్నాప్‌షాట్ తీసి, ప్లేబుక్ రెండుసార్లు నడపండి. రెండోసారి చివర్లో ఛేంజ్డ్ దగ్గర సున్నా రావాలి. రాకపోతే ఏ టాస్కు మళ్లీ మార్పు చేస్తోందో పైన కనిపిస్తుంది, నాకైతే ప్రతిసారీ అది షెల్ టాస్కే.

ఇదంతా రాశాక కూడా నేను రెండు నెలలు పాత అలవాటుతో టెర్మినల్‌లోనే ప్యాకేజీలు వేసుకుంటూ పోయాను, ప్లేబుక్ వెనకబడిపోయింది. ఇప్పుడు ఏది కావాలన్నా ముందు ప్లేబుక్‌లో రాసి, దాన్నే నడుపుతాను. టాస్కులకు ట్యాగ్‌లు పెట్టుకున్నాను కాబట్టి ఆ ఒక్క భాగమే నడుస్తుంది, అర నిమిషం పట్టదు. మొన్న లాప్‌టాప్ మార్చినప్పుడు ప్లేబుక్‌కి పట్టిన సమయం నలభై నిమిషాలు. అందులో ఎక్కువ భాగం డౌన్‌లోడ్‌లే.