కన్సల్టెంట్ కాని సర్జన్ చేతికి కేసు ఎలా అందించాలి: విశాఖ యూనిట్ చీఫ్‌లకు

ఎంఎస్ ముగించుకుని రిజిస్ట్రార్‌గానో అసోసియేట్ కన్సల్టెంట్‌గానో చేరిన సర్జన్‌కి ఆరిలోవ హెల్త్ సిటీలోనైనా, రామ్‌నగర్‌లోనైనా మొదటి ఏడాది దాదాపు ఒకేలా గడుస్తుంది. రౌండ్లు, నైట్ డ్యూటీలు, చికిత్సకి ముందస్తు అనుమతి కోరే ప్రీఆథ్ కాగితాలు, డిశ్చార్జ్ సమ్మరీలు, ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) సీనియర్ చేస్తుంటే కెమెరా పట్టుకోవడం. రెండో ఏడాదీ అలాగే గడిస్తే మనిషి వెళ్లిపోతాడు, లేదా కెమెరా దగ్గరే ఉండిపోతాడు. కాన్ఫరెన్సుకి పంపితే ఇది తీరదు. ఏ రోజు, ఏ కేసులో, ఏ భాగం అతను చేస్తాడో ముందురోజే ఓటీ లిస్టు మీద పేరుతో సహా రాయాలి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

కేసు మొత్తం ఒకేసారి ఇవ్వడమా, అసలు ఇవ్వకపోవడమా అన్న లెక్క వదిలేయండి. ఆపరేషన్‌ని ముక్కలు చేయండి. లాప్ కోలీనే (చిన్న రంధ్రాల గుండా, కెమెరా చూస్తూ గాల్‌బ్లాడర్‌ని, అంటే పిత్తాశయాన్ని, తీసే ఆపరేషన్) తీసుకుంటే అప్పగించే వరుస ఆపరేషన్ జరిగే వరుస కాదు. ముందు 30 డిగ్రీల టెలిస్కోప్ మీద పట్టు. తర్వాత గాల్‌బ్లాడర్ బయటికి తీయడం, 10 మిల్లీమీటర్ల పోర్టుకి (పరికరాలు దూర్చే రంధ్రానికి) ఫేషియా కుట్టు, అంటే చర్మం కింది గట్టి పొరకి వేసేది. ఆ తర్వాత లివర్ బెడ్ నుంచి విడదీయడం. క్లిప్పులు పడి, గాల్‌బ్లాడర్ గొట్టం (సిస్టిక్ డక్ట్), దాని ఆర్టరీ తెగాక చేసే పని కాబట్టి పెద్ద ప్రమాదం అప్పటికే దాటిపోయి ఉంటుంది. అయినా విడదీయాల్సిన పొర (ప్లేన్) తప్పి లివర్‌లోకి దిగితే రక్తం, బైల్ లీక్ రెండూ మొదలవుతాయి, ఆ పాఠం అక్కడే నేర్పాలి. నాలుగోది పోర్టులు వేయడం. కాలోస్ డిసెక్షన్, అంటే ఆ డక్ట్, ఆర్టరీ ఉండే త్రికోణాన్ని శుభ్రం చేసి చూపడం, చివరికి.

కాలోస్ ఇచ్చేటప్పుడు ఒక నియమం పెట్టండి: ఈ కింది మూడూ కనిపించే దాకా క్లిప్ అప్లికేటర్ టేబుల్ మీదికి రాదు. త్రికోణంలో కొవ్వు, ఫైబ్రస్ కణజాలం పూర్తిగా పోవాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు లివర్ బెడ్ నుంచి విడిపోయి ఉండాలి. గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే రెండు, డక్ట్, ఆర్టరీ, కనిపించాలి. ముందు నుంచీ వెనక నుంచీ స్క్రీన్ ఫ్రీజ్ చేసి రెండు ఫొటోలు తీయించండి. రిజిస్ట్రార్ ‘ఇది సిస్టిక్ డక్ట్’ అని నోటితో చెప్పాక కన్సల్టెంట్ ‘అవును’ అనాలి. లివర్ మీద గాడిలా కనిపించే రూవియర్స్ సల్కస్ కిందికి హుక్ (కణజాలం విడదీసే పరికరం) దిగితే ఆపించండి. అతుక్కుపోయి ఏమీ తెలియడం లేదంటే సబ్‌టోటల్ (గాల్‌బ్లాడర్‌లో కొంత వదిలి మిగతాది తీయడం) చేయాలా, పొట్ట కోసి ఓపెన్ చేయాలా అన్నది కన్సల్టెంట్ నిర్ణయం. దాన్ని రిజిస్ట్రార్ ఓటమిగా రాయకూడదు.

ఇదంతా మూడో వారానికే చెడిపోతుంది, ఎందుకో ముందే తెలిసి ఉంటే మంచిది. రిజిస్ట్రార్ కేసు లిస్టులో ఆఖరున ఉంటుంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి అనస్థీషియా వాళ్లు గడియారం చూస్తుంటారు, కన్సల్టెంట్ ‘ఇటివ్వు’ అని పరికరం తీసుకుంటారు. అందుకే అతని కేసు మొదటిదిగా పెట్టండి, దానికి అరగంట ఎక్కువ రాయండి, వారానికి ఒక్కటి చాలు. తీసుకోవాల్సి వస్తే కారణం అక్కడే ఒక్క మాటలో చెప్పండి. చెప్పకుండా లాక్కుంటే నేర్చుకునేది భయమే. ఇంకొకటి, కన్సెంట్ ఫారంలో ఆ రిజిస్ట్రార్ పేరు ఉండాలి. ఎవరి పర్యవేక్షణలో ఎవరు చేస్తారో పేషెంట్‌కి ముందే తెలియాలి.

రాత్రి పన్నెండుకి వచ్చే అపెండిక్స్ సంగతి వేరు. ‘నువ్వు చేసెయ్, అవసరమైతే ఫోన్ చెయ్’ అనడం పర్యవేక్షణ కాదు. స్వతంత్రంగా చేయడానికి లిఖిత అనుమతి లేని ఆపరేషన్‌కి కన్సల్టెంట్ ఓటీలో ఉండాల్సిందే. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ కోసం ప్రతి డాక్టర్‌కీ ఏ ఆపరేషన్లు చేయవచ్చో చెప్పే ప్రివిలేజ్ ఫైలు ఎలాగూ ఉంటుంది. చాలాచోట్ల అది తనిఖీ వారం మాత్రమే తెరుచుకుంటుంది. దాన్నే వాడండి: ఆరు నెలలకోసారి కూర్చుని, ఏ ఆపరేషన్ ఎంతవరకు ఒంటరిగా చేయవచ్చో కమిటీ సంతకంతో పెంచండి.

లాగ్‌బుక్, అంటే రిజిస్ట్రార్ చేసిన కేసులు రాసుకునే పుస్తకం, అదే రోజు నింపాలి. నెలాఖరున జ్ఞాపకం మీద రాసింది ఎవరూ నమ్మరు. ఎన్‌టీఆర్ వైద్య సేవ కేసుల కాగితాల్లో ఆపరేటింగ్ సర్జన్‌గా కన్సల్టెంట్ పేరుంటే రిజిస్ట్రార్ చేసిన పనికి ఆధారం ఈ పుస్తకమే. పేషెంట్ పేరు వద్దు, ఐపీ నంబరు చాలు. జబ్బు, చేసిన ముక్క, పట్టిన సమయం, ఓపెన్‌కి మారిందా లేదా, కన్సల్టెంట్ సంతకం. పర్యవేక్షణకి యూకే సర్జికల్ లాగ్‌బుక్ పద్ధతి సులువు: సహాయకుడిగా ఉన్నాడు, సీనియర్ స్క్రబ్ అయి ఉండగా చేశాడు, సీనియర్ స్క్రబ్ కాకుండా పక్కనుండగా చేశాడు, సొంతంగా చేశాడు, జూనియర్‌కి నేర్పాడు. అక్కడి శిక్షణ కార్యక్రమం పూర్తి చేయకుండానే అర్హత ఆధారాలతో స్పెషలిస్ట్ రిజిస్టర్‌కి (అక్కడి నిపుణుల జాబితాకి) వెళ్లే దారిని 2023 నవంబర్ 30 నుంచి పోర్ట్‌ఫోలియో పాత్‌వే అంటున్నారు. యూకే ఆలోచన ఉన్నవాళ్లకి ఇప్పటినుంచే ఇలా రాసుకున్న పుస్తకం పనికొస్తుంది.

లాగ్‌బుక్‌లో 30 రోజుల ఫలితం గడి మాత్రం ఖాళీగా మిగిలిపోతుంది. పాడేరు నుంచో కోరాపుట్ నుంచో వచ్చినవాళ్లు కుట్లు దగ్గర్లోనే తీయించుకుంటారు, మళ్లీ రారు. డిశ్చార్జ్ రోజే రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి, ఒకటి ఊళ్లో ఉండే బంధువుది. ఏడో రోజు, ముప్పయ్యో రోజు రిజిస్ట్రారే మాట్లాడాలి, ఒడియా వచ్చిన సిస్టర్‌ని పక్కన పెట్టుకుని. కాంప్లికేషన్ ఉంటే క్లావియన్-డిండో గ్రేడు (కాంప్లికేషన్ ఎంత తీవ్రమో చెప్పే స్థాయి) వేసి నెలవారీ సమీక్షలో పెట్టాలి.

చేతి సాధనకి వాడే బాక్స్ ట్రైనర్ ఖరీదైనది అక్కర్లేదు. పెట్టె, వెబ్‌క్యామ్, పాత గ్రాస్పర్లు రెండు, ఆరు రింగులు. రింగులన్నీ అటు మార్చి మళ్లీ ఇటు తెచ్చే పనికి ఎఫ్‌ఎల్‌ఎస్ (లాప్రోస్కోపీ మౌలిక నైపుణ్యాల కోర్సు) శిక్షణలో లక్ష్యం 48 సెకన్లు. డ్యూటీ రూంలో పెడితేనే వాడతారు, లైబ్రరీలో తాళం వేస్తే వాడరు.

దారి ఎటన్నది చేరిన మొదటి నెలలోనే అడగండి. టీచింగ్‌లోకి వెళ్లాలంటే ఎంఎస్ తర్వాత మెడికల్ కాలేజీలో ఏడాది సీనియర్ రెసిడెన్సీ అడుగుతారు. కార్పొరేట్ ఆసుపత్రిలో రిజిస్ట్రార్‌గా గడిపిన ఏళ్లు దానికింద చెల్లుతాయనుకుని మూడేళ్లు ఆగితే నష్టం అతనిదే. సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఎంసీహెచ్ అయితే దాని ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్‌కి చదవడానికి నైట్ డ్యూటీల వరుస మార్చాలి. మినిమల్ యాక్సెస్‌లో (చిన్న రంధ్రాల సర్జరీలో) ఎఫ్‌ఎన్‌బీ ఫెలోషిప్ రెండేళ్లది. ఎఫ్‌ఐఏజీఈఎస్, ఎఫ్‌ఎంఏఎస్ అనే సర్జన్ల సంఘాల ఫెలోషిప్‌లకి కొద్ది రోజుల కోర్సు ఉంటుంది, అవి మంచివే గానీ చేతికి కేసులు లేకుండా అవి తెచ్చుకుంటే గోడకే అందం. నియామక పత్రంలో వారానికి సగం రోజు చదువుకి అని రాసివ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టుకునే అలవాటుంటే మానండి, కౌన్సెలింగ్ రోజున వాటికోసం తిప్పడం కంటే చెడ్డపేరు లేదు.

వెళ్లిపోయేటప్పుడిచ్చే అనుభవ పత్రంలో ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశారు’ అన్న ఒక్క వాక్యం చాలదు. ఆపరేషన్ల వారీగా, పర్యవేక్షణ స్థాయి వారీగా సంఖ్యలు ఒక పేజీలో వేసి, యూనిట్ చీఫ్ సంతకం, ముద్రతో జతచేయండి. ఆఖరి పనిరోజున చేతికివ్వండి.