స్టీరియో వినడం నేర్చుకుందాం – 3: శబ్దం ఎక్కడుంది?

పోయిన పాఠంలో రెండు స్పీకర్లూ, మీరు కూర్చునే కుర్చీ కలిసి సమబాహు త్రిభుజం అయ్యేలా సర్దుకున్నాం. ఇవాళ ఆ కుర్చీలోంచి కదలకండి. సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపేయండి, సన్నటి శబ్దాలన్నీ ఆ హోరులో కలిసిపోతాయి.

ముందు ఒక పరీక్ష. ఒక్కరే పాడిన పాట ఏదైనా పెట్టండి. గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నుంచి రావాలి. అలా కాకుండా గదంతా చెదిరిపోయి, బేస్ (లోతైన, బరువైన శబ్దాలు) కూడా పలచబడితే ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయన్నమాట. మార్చుకుని రండి. ఇది కుదరకపోతే కింద చెప్పేవేవీ పనిచేయవు.

ఇక రికార్డులు. అమెరికన్ రికార్డు నిర్మాత ఈనాక్ లైట్ 1959లో తెచ్చిన 'పర్సుయేసివ్ పర్కషన్'తో మొదలుపెట్టండి. అప్పటికి స్టీరియో ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు) దుకాణాల్లోకి వచ్చి ఏడాదే. రెండో స్పీకర్ దేనికో జనానికి వినిపించి చూపించాలి కాబట్టి బాంగోలను (చిన్న జంట డ్రమ్ములను) ఈ చివర నుంచి ఆ చివరకు గెంతించారు. కళ్లు మూసుకుని, దెబ్బ ఎటు పడితే అటు వేలు చూపించండి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, వాళ్లు మనకంటే చురుగ్గా పట్టేస్తారు.

తర్వాత ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాట 'మనీ' (1973). నాకు అన్నిటికంటే ఇష్టమైన అభ్యాసం ఇదే. మొదట్లో నాణేలు, చిరిగే కాగితం, క్యాష్ రిజిస్టర్ లయగా వినిపిస్తాయి. కంప్యూటర్ లేని రోజుల్లో టేపును స్కేలుతో కొలిచి ఏడు సమాన ముక్కలుగా కోసి, అతికించి, చుట్టలా తిప్పారు. కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం తెలిసినవాళ్లు ఏడు లెక్కను వెంటనే పట్టుకుంటారు. ఒక్కో శబ్దం ఏ వైపు పడుతోందో వేళ్లతో లెక్కిస్తూ వినండి.

అసలు పాఠం శాక్సఫోన్ అయ్యాక ఉంది. గిటార్ సోలో పెద్ద ప్రతిధ్వనితో మొదలవుతుంది. కాసేపటికి ఆ ప్రతిధ్వని మొత్తం తీసేస్తారు, తోడు వాయిద్యాలు కూడా పలచబడతాయి. హాలు ఒక్కసారిగా చిన్న గది అయిపోతుంది, గిటార్ మీ ముందుకొస్తుంది. తర్వాత మళ్లీ అన్నీ విరుచుకుపడతాయి. ఆ రెండు మలుపుల దగ్గర చెయ్యి ఎత్తండి. తెలియకపోతే వాల్యూమ్ పెంచొద్దు, వెనక్కి తిప్పి మళ్లీ వినండి.

చివరిది, పింక్ ఫ్లాయిడ్‌లో ఒకప్పటి సభ్యుడు రోజర్ వాటర్స్ ఆల్బమ్ 'అమ్యూజ్డ్ టు డెత్' (1992). మొదటి ట్రాక్‌లో ఒక కుక్క మొరుగుతుంది. స్పీకర్‌లో కాదు, కుడి స్పీకర్ అవతల, కిటికీ బయట ఎక్కడో! కుడివైపు శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి మిల్లీసెకను కంటే తక్కువ ఆలస్యంగా చేరుతుంది. ఆ కొద్ది తేడాతోనే మెదడు దిక్కు పోల్చుకుంటుంది. క్యూసౌండ్ అనే పద్ధతిలో రెండు చానళ్ల (ఎడమ, కుడి స్పీకర్లకు వెళ్లే శబ్దాల) మధ్య అలాంటి తేడాలే కల్పించి, స్పీకర్ లేని చోట శబ్దాన్ని నిలబెట్టారు. కుర్చీని ఒక అడుగు పక్కకు జరిపి వింటే ఆ మాయ చాలావరకు పోతుంది.

మీ ఇంట్లో కుక్క ఎక్కడి నుంచి మొరిగిందో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో స్పీకర్లను గోడకు దగ్గరగా, దూరంగా జరుపుతూ అది ఎటు పోతుందో చూద్దాం.