గుప్తేశ్వరం గుహకు వెళ్తే రాళ్లను ఎలా చూడాలి

ఒడిశా కొరాపుట్ జిల్లాలో గుహలో ఉన్న శివాలయం గుప్తేశ్వరం. శివరాత్రికో శ్రావణ మాసంలోనో అక్కడికి వెళ్తే దర్శనం అవుతుంది గానీ గుహ చూడటం కుదరదు. లోపలంతా జనం, ఉక్క, కర్పూరం పొగ. రాతి ఆకారాలు తీరిగ్గా చూడాలంటే నవంబరు–జనవరి మధ్య, పండగ లేని రోజున పొద్దున్నే వెళ్లండి. అప్పటికి దారి ఆరి ఉంటుంది, కొండలో ఇంకిన వాననీరు మాత్రం ఇంకా కారుతూనే ఉంటుంది.

కారులో అయితే సాలూరు, సుంకి, కొరాపుట్ మీదుగా జయపురం. రైలైతే విశాఖ–కిరండూల్ లైన్లో జయపురం స్టేషన్. అక్కణ్నుంచి బొయిపరిగుడ మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు, చివరంతా అడవి. పెట్రోలు జయపురంలోనే కొట్టించుకోండి. గుడి దగ్గర పారే కొలాబ్ ఎవరో కాదు, కూనవరంలో గోదావరిని కలిసే మన శబరే.

సంపెంగ చెట్ల మధ్య మెట్లెక్కాక చెప్పులతో పాటు సాక్సులూ విప్పేయండి. తడి సున్నపురాయి మీద సాక్సు జర్రున జారుతుంది. ఉత్త పాదమే నయం. వంగి నడిచే చోట్ల తల జాగ్రత్త.

సెల్‌ఫోను లైటు చాలదు, మంచి టార్చి కావాలి. ఎదురుగా కొడితే నీడ పడక రాయి చప్పగా కనిపిస్తుంది. గోడకు జానెడు దూరంలో పట్టుకుని పక్కనుంచి ఏటవాలుగా వేయండి, మడతలన్నీ తేలతాయి. ఫోటోకూ అంతే: ఫ్లాష్ ఆపేసి, టార్చి పక్కనున్నవాళ్ల చేతికివ్వండి. చలికాలం లోపలికి వెళ్లగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కెమెరాను పది నిమిషాలు సంచిలోనే ఉంచాలి.

పైనుంచి వేలాడే రాతి కొసన నీటిబొట్టు కనబడితే అది ఇంకా పెరుగుతున్న రాయి. వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాయిని కరిగిస్తూ దిగుతుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు పోయి, పలచటి సున్నపు పొర మిగులుతుంది. సాధారణంగా ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. వేలితో ముడితే చర్మం జిడ్డు అంటుకుంటుంది, దాని మీద కొత్త పొర సరిగా పట్టదు, మరక మిగిలిపోతుంది. కర్పూరం మసి చేసే చెరుపు ఇంతకన్నా ఎక్కువ.

ఆరడుగుల లింగం చూశాక వెనక్కి తిరిగిపోకండి. దగ్గర్లోని మరో గుహలో పైకప్పు నుంచి దిగిన పెద్ద రాయిని కామధేనువు పొదుగంటారు. కింద దోసిలి పట్టి నిలబడాలి. చుక్క ఎప్పుడో గానీ రాలదు. ఎండాకాలం ఇంకా ఆలస్యం. తొందరపడి రాయిని తడమొద్దు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం మూడింటికల్లా మొదలుపెడితే చీకటి పడకముందే అడవి దాటేస్తారు.