సరుకు ఎక్కడ ఆగింది? సప్లై చైన్‌లో సమస్యలు, అసలు కారణాలు, పరిష్కారాలు

సప్లై చైన్‌లో నొప్పి ఒకచోట, పుండు మరోచోట ఉంటుంది. డెలివరీ ఆలస్యమైతే లారీని, సరుకు లేకపోతే సప్లయర్‌ను, నిల్వ పేరుకుపోతే కొనుగోలు విభాగాన్ని తప్పుపట్టడం మనకు అలవాటు. తీరా వెనక్కి తవ్వుకుంటూ వెళితే రెండు మూడు అంచెల అవతల ఎవరో తప్పుగా రాసిన అంకె, ఎవరూ కొలవని ఆలస్యం బయటపడతాయి. కింద మీకు కనిపిస్తున్న లక్షణం దగ్గర మొదలుపెట్టండి. కానీ మొదటి సమస్యను మాత్రం దాటేయకండి. లెక్కే తప్పయితే దాని మీద కట్టే పరిష్కారం ఏదీ నిలవదు.

## కంప్యూటర్‌లో స్టాక్ ఉంది, ర్యాక్‌లో లేదు

సిస్టమ్ 48 ఉన్నాయంటుంది, మనిషి వెళ్లి చూస్తే 31. లేదా సున్నా అని చూపిస్తున్న వస్తువు పక్క వరుసలో దుమ్ము పట్టి ఉంటుంది. రెండోది మరీ నష్టం, ఉన్న సరుకునే మళ్లీ కొంటాం కాబట్టి.

కారణం: అందరికీ ముందు దొంగతనం మీదికి అనుమానం పోతుంది. అది ఉండొచ్చు, కానీ ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. సరుకు దిగినప్పుడు లెక్కపెట్టకుండా చలానాలోని సంఖ్యనే ఎక్కించడం. కొనేది పెట్టెల్లో, ఇచ్చేది విడిగా కావడంతో 12 పీసుల పెట్టెను ఒక్క పీసుగా నమోదు చేయడం. తిరిగొచ్చిన సరుకును, పాడైన సరుకును పక్కన పెట్టి రాయడం మర్చిపోవడం. ఒకేలా కనిపించే రెండు వస్తువుల్లో ఒకదాని బదులు మరొకటి పంపేయడం. ఈ చివరిదాన్ని పట్టుకోవడం తేలిక: ఒక కోడ్‌లో 6 తక్కువ, పక్క కోడ్‌లో సరిగ్గా 6 ఎక్కువ.

పరిష్కారం: ఏడాదికోసారి గోడౌన్ మూసి అన్నీ లెక్కపెట్టే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. తేడా ఎలా పుట్టిందో పది నెలల తర్వాత ఎవరూ చెప్పలేరు. దాని బదులు రోజూ కొన్ని వస్తువులు లెక్కపెట్టండి. దీన్నే సైకిల్ కౌంటింగ్ అంటారు. ఏడాది వాడకం విలువను బట్టి వస్తువులను ఏ, బి, సి తరగతులుగా విడదీయండి, ఎక్కువ విలువవి 'ఏ', తక్కువవి 'సి'. సాధారణంగా ఐదో వంతు వస్తువుల్లోనే విలువలో ఐదింట నాలుగు వంతులు ఉంటుంది. ఏ తరగతిని నెలకోసారి, బి తరగతిని మూడు నెలలకోసారి, సి తరగతిని ఏడాదికి ఒకటి రెండుసార్లు లెక్కపెడితే చాలు. తేడా కనబడగానే అంకె సరిచేసి చేతులు దులుపుకోకండి. ఆ వస్తువు తాలూకు చివరి పది ఎంట్రీలు తిరగేయండి. తప్పు ఎక్కడ జరిగిందో దొరికేదాకా వదలొద్దు.

## కావాల్సింది ఉండదు, అక్కర్లేనిది గుట్టలుగా ఉంటుంది

మొత్తం నిల్వ విలువ చూస్తే ఎక్కువే. అయినా రోజూ ఏదో ఒక వస్తువుకు "లేదు" అని చెప్పాల్సి వస్తోంది.

కారణం: "అన్నీ 30 రోజులకు సరిపడా పెట్టండి" లాంటి ఒకే నియమాన్ని అన్ని వస్తువులకూ వర్తింపజేయడం. నిలకడగా పోతూ, ఆర్డర్ పెట్టిన 5 రోజుల్లో వచ్చే వస్తువుకు 30 రోజుల నిల్వ దండగ. రావడానికి 40 రోజులు పట్టే వస్తువుకు అదే 30 రోజులు చాలదు.

పరిష్కారం: ప్రతి వస్తువుకూ విడిగా రీఆర్డర్ పాయింట్ కట్టండి. అంటే నిల్వ ఎంతకు దిగితే కొత్త ఆర్డర్ పెట్టాలో తెలిపే అంకె. రోజువారీ సగటు వాడకాన్ని లీడ్ టైమ్‌తో గుణించి, దానికి సేఫ్టీ స్టాక్, అంటే గిరాకీ పెరిగినా సరుకు ఆలస్యమైనా ఆదుకునే అదనపు నిల్వ, కలపాలి. లీడ్ టైమ్ అంటే ఆర్డర్ పెట్టిన క్షణం నుంచి సరుకు వాడకానికి సిద్ధమయ్యేదాకా పట్టే కాలం.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక వస్తువు రోజుకు సగటున 40 పోతుంది. వాడకంలో ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతుందో తెలిపే కొలత, 12. సప్లయర్ సగటున 9 రోజుల్లో పంపుతాడు, అందులో విచలనం 2 రోజులు. ఈ విచలనాలను పాత రికార్డుల నుంచి ఏ స్ప్రెడ్‌షీట్ అయినా లెక్కకట్టి ఇస్తుంది. 9ని 12 వర్గంతో గుణిస్తే 1,296. 40 వర్గాన్ని 2 వర్గంతో గుణిస్తే 6,400. రెండూ కలిపి వర్గమూలం తీస్తే సుమారు 88. వందలో 95 ఆర్డర్ చక్రాల్లో సరుకు అయిపోకూడదనుకుంటే దాన్ని 1.65తో గుణించాలి. సేఫ్టీ స్టాక్ 145 వస్తుంది. 40ని 9 రోజులతో గుణిస్తే 360, దానికి 145 కలిపితే రీఆర్డర్ పాయింట్ 505.

ఇప్పుడు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి: 1,296, 6,400. అనిశ్చితిలో సింహభాగం సప్లయర్ రాకలోనిది, కస్టమర్ గిరాకీలోది కాదు. గిరాకీ అంచనాను ఎంతో కష్టపడి మెరుగుపరిచి విచలనాన్ని 12 నుంచి 6కు దించినా సేఫ్టీ స్టాక్ 145 నుంచి 135కే తగ్గుతుంది. సప్లయర్ విచలనాన్ని 2 రోజుల నుంచి ఒక రోజుకు దించితే 89కి పడిపోతుంది. నెలల తరబడి అంచనా సాఫ్ట్‌వేర్ల చుట్టూ తిరిగేవాళ్లు ముందు ఈ చిన్న లెక్క వేసుకుంటే ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది. అలాగే "మాకు 95 కాదు, 99 శాతం కావాలి" అనేవాళ్లకు దాని ఖరీదు చూపించండి. గుణకం 1.65 బదులు 2.33 అవుతుంది, 145 కాస్తా 204 అవుతుంది. అన్ని వస్తువులకూ అది అవసరం లేదు.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. సరుకు లేని రోజున అమ్మకం సున్నా అని రికార్డవుతుంది. ఆ రోజు గిరాకీ సున్నా కాదు. ఆ సున్నాలను సగటులో కలిపితే అంచనా తగ్గుతుంది, తక్కువ తెప్పిస్తారు, మళ్లీ సరుకు అయిపోతుంది, మళ్లీ సున్నాలు చేరతాయి. బాగా పోయే వస్తువు ఇలా కాగితం మీద చచ్చిపోతుంది. సరుకు లేని రోజులను తీసేసి సగటు కట్టండి.

## కస్టమర్ కొనుగోలు నిలకడగానే ఉంది, ఫ్యాక్టరీకి ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి

ఒక నెల ఓవర్‌టైమ్, మరుసటి నెల యంత్రాలు ఖాళీ. మార్కెట్ బాగోలేదని ఒకరు, పోటీ పెరిగిందని ఇంకొకరు అంటారు. చివరి కస్టమర్ దగ్గర మాత్రం ఏమీ మారి ఉండదు.

దీనికి బుల్‌విప్ ఎఫెక్ట్ అని పేరు. కొరడా పిడిని కాస్త కదిపితే కొస ఎంత ఊగుతుందో అలా అన్నమాట. గొలుసులో వెనక్కి వెళ్లేకొద్దీ ఊపు పెరగడాన్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన జే ఫారెస్టర్ 1958లోనే చూపించాడు. పసిపిల్లల డైపర్ల ఆర్డర్లలో వాటిని తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ దీన్ని గమనించింది. పిల్లలు డైపర్లు వాడే వేగం వారం వారం మారదు కదా, మరి ఆర్డర్లు ఎందుకు మారుతున్నాయి? 1997లో పరిశోధకులు హౌ లీ, పద్మనాభన్, సుంగ్‌జిన్ వాంగ్ దీనికి నాలుగు కారణాలు తేల్చారు.

ఒకటి, ప్రతి అంచెవాళ్లూ తమకు వచ్చిన ఆర్డర్లనే గిరాకీ అనుకుని విడివిడిగా అంచనాలు వేసుకోవడం. రెండు, రవాణా ఖర్చు కలిసొస్తుందని ఆర్డర్లను కూడబెట్టి ఒక్కసారే పెట్టడం. మూడు, ధరల తగ్గింపులు: తగ్గినప్పుడు మూడు నెలలకు సరిపడా కొని, తర్వాత మూడు నెలలు మొహం చూపించరు. నాలుగోది కొరత భయం. అడిగినదాంట్లో సగమే వస్తుందని తెలిస్తే ఎవరైనా రెట్టింపు అడుగుతారు. కొరత తీరగానే ఆ దొంగ ఆర్డర్లన్నీ ఆవిరైపోతాయి. 2001లో నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కో 200 కోట్ల డాలర్లకు పైగా విలువైన నిల్వను నష్టం కింద రాసేయాల్సి వచ్చింది. కొరత రోజుల్లో కొనుగోలుదారులు ఒకే అవసరానికి రెండు మూడు చోట్ల పెట్టిన ఆర్డర్లు దానికి ఒక కారణం.

పరిష్కారం ఏ కారణానికి ఆ కారణమే. చివరి అమ్మకం అంకెలను వెనకున్న అన్ని అంచెలకూ పంపండి, ఆర్డర్లతో సరిపెట్టకండి. నెలకో పెద్ద ఆర్డర్ బదులు వారానికో చిన్న ఆర్డర్ పెట్టండి. రవాణా భారమైతే వేర్వేరు వస్తువులను ఒకే బండిలో కలపండి. తగ్గింపుల ఊగిసలాట మాని ధర నిలకడగా ఉంచండి. కొరత వచ్చినప్పుడు సరుకును తాజా ఆర్డర్లను బట్టి కాకుండా గతంలో నిజంగా అమ్మినదాన్ని బట్టి పంచండి. అప్పుడు ఎక్కువ అడిగి లాభం లేదని అందరికీ తెలిసిపోతుంది.

మన వైపు నుంచి ఇంకో తప్పు కూడా ఉంది. ఈ గొలుసును నేర్పడానికి ఎంఐటీలో పుట్టిన ఆట ఒకటుంది. నలుగురు ఆటగాళ్లు నాలుగు అంచెలుగా కూర్చుంటారు. కస్టమర్ గిరాకీ వారానికి 4 పెట్టెల నుంచి 8కి ఒక్కసారే మారి అక్కడే నిలుస్తుంది. అయినా వెనక అంచెల ఆర్డర్లు అదుపు తప్పుతాయి. 1989లో జాన్ స్టెర్మన్ ఆ ఆటల ఫలితాలను విశ్లేషించి, ఆటగాళ్లు తాము ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఇంకా అందని సరుకును సరిగ్గా లెక్కలోకి తీసుకోవడం లేదని చూపాడు. కాబట్టి ఆర్డర్ నిర్ణయించే ముందు చేతిలో ఉన్న నిల్వకు దారిలో ఉన్న సరుకును కలపండి, కస్టమర్లకు ఇంకా ఇవ్వాల్సిన సరుకును తీసేయండి. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పించేది ఇదే.

## ప్రతిదీ ఆలస్యం

సప్లయర్ 20 రోజులు తీసుకుంటున్నాడని ఫిర్యాదు. ఆ 20 రోజులను ముక్కలు చేసి రాయండి: మన ఆఫీసులో ఆమోదం, సప్లయర్ దగ్గర క్యూ, అసలు తయారీ, ప్రయాణం, దిగాక నాణ్యత తనిఖీ. తయారీకి రెండు రోజులే పట్టి, మిగతాదంతా ఎదురుచూపే అయిన సందర్భాలు కోకొల్లలు. అందులో మన ఆమోదం సంతకం కోసం బల్ల మీద పడి ఉన్న రోజులు కూడా ఉంటాయి.

క్యూకు ఒక సూత్రం ఉంది, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. వరుసలో ఉన్న పనిని రోజుకు పూర్తయ్యే పనితో భాగిస్తే సగటు నిరీక్షణ వస్తుంది. 600 ఆర్డర్లు ఉండి రోజుకు 50 పూర్తయితే 12 రోజులు. ఫోన్లు చేసి "అర్జెంట్" ముద్ర వేయిస్తే మన ఒక్క ఆర్డర్ ముందుకు జరుగుతుంది, మరొకరిది వెనక్కి పోతుంది, సగటు కదలదు. తగ్గాలంటే వరుసలోకి పంపే పనిని తగ్గించాలి, లేదా అడ్డుపడుతున్న ఆ ఒక్క దశ సామర్థ్యం పెంచాలి.

## అమ్మకాలు బాగున్నాయి, చేతిలో డబ్బు లేదు

సరుకు 60 రోజులు గోడౌన్‌లో, అమ్మాక డబ్బు రావడానికి 45 రోజులు, సప్లయర్‌కు మనం కట్టేది 30 రోజులకు. 60కి 45 కలిపి 30 తీసేస్తే 75 రోజులు మన డబ్బు దారిలోనే ఉంది. ఈ మూడింటిలో సప్లయర్ గడువును సాగదీయడం తేలికని అందరూ దాని మీద పడతారు. నాకది నచ్చదు. చిన్న సప్లయర్ చితికిపోతే సరుకే ఆగిపోతుంది. ముందు నిల్వ రోజులను తగ్గించండి. సరైన ఆర్డర్ పరిమాణానికి ఫోర్డ్ హారిస్ 1913లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. పరిమాణం కాస్త అటూ ఇటూ అయినా ఖర్చు పెద్దగా మారదని కూడా అదే చెబుతుంది. సరైనదానికంటే ఒకటిన్నర రెట్లు కొన్నా ఆర్డర్, నిల్వ ఖర్చులు కలిపి పెరిగేది 8 శాతమే.

## ఒక్క భాగం రాక మొత్తం ఆగింది

ఇది చెప్పకుండా వస్తుంది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సేకి ఫ్యాక్టరీ ఒకటి కాలిపోయింది. బ్రేకుల్లో వాడే చిన్న వాల్వ్ టయోటాకు దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చేది, చేతిలో నిల్వ గంటల లెక్కన మాత్రమే. కార్ల ఉత్పత్తి ఆగిపోయింది. ఇతర సప్లయర్లు ఎన్నడూ చేయని ఆ వాల్వ్‌ను తమ యంత్రాల మీద చేసి ఇవ్వడంతో రోజుల్లోనే తేరుకుంది.

2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బకర్కీలో పిడుగు పడి ఫిలిప్స్ చిప్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. పది నిమిషాల్లో ఆరిపోయాయి, కానీ పొగ, నీళ్లు చిప్‌లు తయారయ్యే, దుమ్ము చేరకూడని గదులను పాడుచేశాయి. వారం ఆలస్యమని ఆ చిప్‌లు కొనే ఫోన్ల కంపెనీలు నోకియాకు, ఎరిక్సన్‌కు ఒకే కబురు అందింది. నోకియా ఆ చిప్‌లను రోజూ గమనించే జాబితాలో పెట్టి, వేరే మూలాలు వెతుక్కుంది. ఎరిక్సన్‌కు రెండో మూలం లేదు, కబురు పైఅధికారుల దాకా ఆలస్యంగా చేరింది. సుమారు 40 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయి.

చేయాల్సింది: ధరను బట్టి కాకుండా, రాకపోతే ఏది ఆగుతుందో దాన్ని బట్టి జాబితా వేయండి. ప్రతి భాగానికీ రెండు అంకెలు రాయండి: ఆ మూలం ఆగితే తిరిగి మొదలవడానికి ఎన్ని రోజులు, అది లేకుండా మనం ఎన్ని రోజులు నెట్టుకురాగలం. మొదటిది రెండోదానికంటే పెద్దదైన చోటే పని ఉంది. అక్కడ రెండో సప్లయర్, అదనపు నిల్వ, లేదా మరో భాగంతో పనిచేసే డిజైన్ కావాలి. ఇద్దరు సప్లయర్లు ఉన్నారని నిశ్చింతగా ఉండొద్దు. ఆ ఇద్దరికీ ముడిసరుకు ఒకచోటి నుంచే వస్తోందేమో అడగండి.

## రిపోర్టులన్నీ పచ్చగా ఉన్నాయి, కస్టమర్ మాత్రం కోపంగా ఉన్నాడు

ఒక్కో వస్తువు అందుబాటు 95 శాతం అని రిపోర్టు. కస్టమర్ ఒక ఆర్డర్‌లో 5 వస్తువులు అడుగుతాడు. అన్నీ ఒకేసారి దొరికే అవకాశం 0.95ను అయిదుసార్లు గుణిస్తే 77 శాతం. 10 వస్తువులైతే 60 శాతం. మనం కొలిచేది వస్తువును, అతను చూసేది ఆర్డర్‌ను.

విభాగాల కొలతలూ ఇలాగే ఒకదాన్నొకటి లాగుతాయి. తక్కువ ధరకు కొన్నందుకు కొనుగోలువాళ్లకు మెప్పు, కాబట్టి పెద్ద లాట్లు కొంటారు. బండి నిండినందుకు రవాణాకు మెప్పు, కాబట్టి నిండేదాకా ఆపుతారు. నెలాఖరు టార్గెట్ కోసం అమ్మకాలవాళ్లు చివరి వారంలో ఆర్డర్లన్నీ కుమ్మరిస్తారు. తిలాపాపం తలా పిడికెడు.

అడిగిన తేదీకి, అడిగిన మొత్తంలో, పూర్తిగా చేరిన ఆర్డర్లు ఎన్ని అన్న ఒక్క అంకెను అన్ని విభాగాల కొలతల్లోనూ చేర్చండి. తేదీ అంటే కస్టమర్ మొదట అడిగిన తేదీ, మనం తర్వాత మార్చుకున్నది కాదు. ఈ ఒక్క తేడాతోనే చాలా చోట్ల రిపోర్టు రంగు మారుతుంది. తప్పిన ప్రతి ఆర్డర్ పక్కన పై సమస్యల్లో ఏది కారణమో ఒక్క మాటలో రాయిస్తూ పోండి. నెల తిరిగేసరికి ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో చూసి, ముందు ఆ పని పట్టండి.